పదిహేడో తారీఖు కొలత

కుందుర్పి మండలం,
11-2-2026.

చిరంజీవి సౌభాగ్యవతి లావణ్యకు,

అక్క జయంతి మనసారా దీవించి రాయునది. ఇక్కడ నేనూ మీ బావా కులాసా. అక్కడ బుక్కరాయసముద్రంలో నువ్వూ మరిదీ పిల్లలూ కులాసా అని తలుస్తాను. దీవెనలు అయిపోయాయి. ఇక తిట్లు.

మీ ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. అక్టోబరు పదిహేడో తారీఖు కొలతలన్నీ అడ్డంగా కొట్టేసి, పక్కన ‘కొలిచే మనిషి ఆ రోజు అక్కడ లేదు, ఇంట్లో కూర్చుని రాసినట్టుంది’ అని రాశారు. కింద సంతకం నీది. ఇంకెవరిదైనా అయితే చించి పొయ్యిలో పెట్టేదాన్ని.

ఇంట్లో కూర్చుని రాశానా? నేనా? మూడేళ్లుగా పొద్దున ఎనిమిదిన్నరకల్లా గుట్ట మీద ఉంటున్నాను. వాన పడలేదని తెలిసినా ఎక్కి, వానడబ్బా తెరిచి చూసి, సున్నా అని రాసి దిగుతున్నాను. మన కరువు సీమలో అలాంటి సున్నాలు ఎన్ని రాశానో నీకే తెలుసు, ఆ పుస్తకాలు కంప్యూటర్లోకి ఎక్కించేది నువ్వే కదా. అందులో ఒక్క సున్నా అయినా దొంగదని చూపించు, ఈ పని ఈరోజే మానేస్తాను.

మీ ఆఫీసరు నారాయణస్వామి గారు గుట్ట మొహం చూసింది రెండుసార్లు. అందుకని ఆయనకు కూడా చదివి వినిపించడానికి వీలుగా మొదటి నుంచీ రాస్తాను. టౌనుకు తాగునీళ్లిచ్చే చెరువుకు మా గుట్ట మీది రెండు వంకలే దిక్కు. నీలగిరి చెట్లు ఒత్తుగా పెరిగి నీళ్లన్నీ తాగేస్తున్నాయని, అడవిని పలచన చేస్తే చెరువుకు నీళ్లు పెరుగుతాయని మీవాళ్లు అన్నారు. తూరుపు వంక వైపు మూడు చెట్లకు ఒకటి కొట్టించారు. పడమటి వైపు ముట్టలేదు. రెండు వంకలకూ అడ్డుగోడ కట్టి, కొలబద్ద నిలబెట్టి, ఏ వైపు నుంచి ఎన్ని నీళ్లు వస్తాయో చూసి రాయమని నన్ను పెట్టారు. చిన్న వానలకు తూరుపు వంక నిజంగానే బాగా పారింది, వాన వెలిసిన వారం దాకా సన్నగా వస్తూనే ఉండేది. అదీ నేను రాసిందే. ఆ కొలతలు మాత్రం మీకు భలే ముద్దొచ్చాయి!

పదిహేడున పడింది చిన్న వాన కాదమ్మా. మూడు గంటల్లో తొంభై మిల్లీమీటర్లు. పడమటి వంక మోకాలి లోతున పారింది. తూరుపు వంక నడుము దాకా లేచి, ఎర్రటి బురదై, అడ్డుగోడ మీది నుంచి దూకింది. కొట్టిన దుంగలు ఈడ్చుకుపోయిన దారులన్నీ కాలువలైపోయాయి. ఆ మట్టంతా తిన్నగా చెరువులోకి పోయింది. ఆ దారులు పూడ్చకుండా, నరికిన కొమ్మలు నేల మీద పరవకుండా చెట్లు కొడితే ఏమవుతుందో చెప్పేది ఆ ఒక్క రోజే. దాన్ని కొట్టేస్తే మీ రిపోర్టులో మిగిలేవన్నీ మంచి రోజులు. వచ్చే నెల పడమటి వైపు కూడా ఇలాగే రంపం పెడతారట. తర్వాత టౌను జనం కొళాయి తిప్పి బురద పట్టుకోవాలి.

నిన్న నారాయణస్వామి గారు ఫోను చేశారు. ఏమ్మా, ఆ ఒక్క దినం తీసేస్తే అంతా చక్కగా ఉండాది, తప్పు రాసినానని ఒక సంతకం పెట్టు, నీ పనికేం ఢోకా లేదు అన్నారు. పెట్టను సార్ అన్నాను. అట్లయితే ఆడ ఉన్నట్టు రుజువు తీసుకొని సోమవారం మీటింగుకు రా అన్నారు. వస్తాను. ఆయన కుర్చీకి నేనేమీ భయపడను.

నీ మాట వేరు. ఫోనులో నువ్వన్నది నా చెవుల్లో ఇంకా ఉంది. అక్కా, ఆ పొద్దే కదా నాయన పోయినాడు, వానకు బస్సులు రాక మాపటి దాకా ఇంట్లో ఏడుస్తా కూర్చున్నానని నువ్వే చెప్తివి, మళ్లా గుట్ట మీదికి ఎట్ల పోతివి అన్నావు. నిజమే, ఎవరైనా అలాగే అడుగుతారు. దుఃఖంలో అక్క ఏదో రాసి పడేసిందిలే అని జాలిపడి గీత కొట్టావు. నీ జాలి నాకు వద్దు లావణ్యా. నా పదిహేడో తారీఖు నాకు కావాలి.

సంతకం పెట్టను. మరిదికి నా మాటగా చెప్పు, పిల్లలకు ముద్దులు.

ఇట్లు
నీ మీద కోపం, ప్రేమ రెండూ తగ్గని
అక్క జయంతి.

తా.క.: కవరు అంటించి మళ్లీ చించాను. రుజువు అడిగారు కదా, ఇదిగో. ఆ రోజు బస్సులు నడిచాయి. అన్న చంద్రమోహన్ మన ఊరి నుంచి పొద్దున పదికి ఫోను చేశాడు. నాయనకు ఊపిరి ఎగదన్నుతాంది, నిన్నే అడుగుతాండాడు, పదిన్నర బస్సుకు వచ్చేయ్ అన్నాడు. అప్పుడు నేను తూరుపు వంక గట్టున ఉన్నాను. నీళ్లు లేస్తున్నాయి. మూడేళ్లలో అలాంటి వాన అదొక్కటే. ఇంకో పది నిమిషాలు చూసి పోదామనుకున్నాను. ఆ తర్వాత ఇంకో పది నిమిషాలు. కింద రోడ్డు మీద బస్సు పోవడం కళ్లారా చూశాను. పన్నెండున్నరకు నాయన లేడని ఫోను వచ్చింది. ఒంటిగంట కొలత కూడా రాసే దిగాను. మేకలు తోలుకొచ్చిన నాగప్ప నన్ను చూశాడు. ఎవరికీ చెప్పనని ఆయన చేత ఒట్టు వేయించుకున్నాను, నిన్న పోయి ఆ ఒట్టు తీయించాను. సోమవారం ఆయన నా వెంట వస్తాడు. ఇది తెలిశాక అన్న నా గడప తొక్కడు. నువ్వు నాతో మాట్లాడకపోయినా ఎందుకని అడగను. నాయన పక్కన నేను లేను. వంక దగ్గర ఉన్నాను. అదే రాయి.