మా స్కూలు ఖోఖో లీగ్‌లో సింధుకు తగిలిన దెబ్బ

అలియాబాద్,
ఆదివారం, చర్చి నుంచి వచ్చాక.

ప్రియమైన అక్కకు,

నీ చెల్లెలు సునీత ప్రభువు పేరిట వందనాలు చెప్పి రాస్తున్న ఉత్తరం. నువ్వూ, బావగారూ, పిల్లలూ ఎలా ఉన్నారు? అమ్మకు మోకాలి నొప్పి తగ్గిందా? నేను బాగానే ఉన్నాను. ఫోన్‌లో నా గొంతు విని ఏమైందని రెండుసార్లు అడిగావు. జలుబన్నాను. అబద్ధం. నోటితో చెప్పబోతే ఏడుపొస్తుందని ఇలా రాస్తున్నాను. కంగారు పడకు, నాకేమీ కాలేదు.

ఇక్కడ పొద్దున్నే చలి ఎక్కువ. శామీర్‌పేట చెరువు వైపు నుంచి మంచు కమ్మితే మా గ్రౌండ్ గోడ కనబడదు. చేపలు దొరుకుతాయి గాని మన రేపల్లె రుచి రాదు. ఎవరైనా ఇటు వస్తుంటే కాసిని ఎండు రొయ్యలు పంపు.

పీఈటీగా చేరిన నెలలోనే ఖోఖో లీగ్ మొదలుపెట్టానని చెప్పాను కదా. బయటి స్కూళ్లతో కాదు, మా సెక్షన్ల మధ్యే, శనివారాలు. ఏరుకోవడం లేదు, ప్రతి పిల్లా ఆడాల్సిందే. చిన్నప్పుడు నన్ను ఆటకు పిలిచి నిన్ను చెప్పుల దగ్గర కాపలా కూర్చోబెట్టేవాళ్లు, అది తలుచుకునే ఆ నియమం పెట్టాను.

ఎనిమిదో తరగతిలో సింధు అని ఒక పిల్ల. దళసరి కళ్లద్దాలు, ఎవరితోనూ నోరు విప్పి మాట్లాడదు. లీగ్‌లో పడ్డాక అందరికంటే ముందు గ్రౌండ్‌కు వచ్చేది. మూడు వారాల కిందట అద్దాలు లేకుండా వచ్చింది. ఏవే అంటే, "ఉర్కుతుంటే జార్తున్నయ్ మేడం. నాకు కనవడ్తది, నిజంగ" అంది. అప్పుడే ఆపాల్సింది. వాళ్ల జట్టులో అసలే ఒకరు తక్కువ, ఆట ఆగిపోతుందని ఊరుకున్నాను. ఎదుటి పిల్లను తరుముతూ వెళ్లి నేరుగా కోర్టు చివర పాతిన పోలుకు గుద్దుకుంది. కనుబొమ్మ చిట్లి ఐదు కుట్లు పడ్డాయి. కన్ను వాచి మూసుకుపోయింది. వాపు తగ్గితేగాని చూపు సంగతి చెప్పలేమన్నారు డాక్టరు.

ప్రిన్సిపాల్ గారు లీగ్ ఆపేశారు. "అద్దాలు లేని సంగతి మీరు చూడలేదని రాసివ్వండి, సరిపోతుంది" అన్నారు. నాలుగు రోజులు అన్నం సయించలేదక్కా. కన్ను పోతే? ఉద్యోగం పోతే? ఐదో రోజు వాళ్లింటికి వెళ్లాను. వాళ్లమ్మ మిషన్ కుడుతోంది. "నేను చూశానమ్మా, తెలిసే ఆడనిచ్చాను" అని చెప్పేశాను.

ఆమె మిషన్ ఆపింది. "తెల్సి గూడ ఆడిచ్చిన్రా? నా బిడ్డ కన్ను పోతే ఏం జేస్తుంటిరి?"

తల దించుకుని బయటికొచ్చాను. వెనకాలే సింధు వచ్చింది, ఒక కంటికి కట్టుతో. "మేడం, నన్ను టీంలకెళ్లి తీసేసిన్రా?" అంది. లేదని తల ఊపాను.

మర్నాడు ఉన్నదున్నట్టు రాసి ప్రిన్సిపాల్ గారికిచ్చాను. చదివి సొరుగులో పెట్టారు. దాని గురించి ఇప్పటిదాకా ఏమీ అనలేదు. ఉద్యోగం తీసేశామన్న కబురు ఎప్పుడు వస్తుందోనని రోజూ చూస్తున్నాను.

దేవుడి దయ వల్ల కన్ను బాగానే ఉంది. కుట్లు విప్పాక వాళ్లమ్మే స్కూలుకొచ్చింది. "అద్దాలకు తాడు గట్టిన, ఇగ జారయ్. ఆడిపియ్యున్రి. గని నేనొచ్చి కూసుంట. మీ మీద నాకింక నమ్మకం రాలే" అంది, ప్రిన్సిపాల్ గారి ముందే. ఆయన పోళ్లకు స్పాంజి చుట్టించి లీగ్‌కు సరేనన్నారు.

నిన్న ఆడించాను. సింధు పోలు దగ్గరికి వచ్చినప్పుడల్లా గట్టు మీద వాళ్లమ్మ లేచి నిలబడేది, ఇక్కడ నేను రెండడుగులు ముందుకేసేదాన్ని. ఈల ఊదాల్సిన చోట ఊదలేకపోయాను. వాళ్ల జట్టు ఓడిపోయింది, పిల్లకు ఏమీ కాలేదు. ఆవిడ గేటు దాకా వెళ్లి వెనక్కి తిరిగి అడిగింది, "మల్ల శనివారం గూడ ఉంటదా?" అని.

ఉంటుందన్నాను. నన్ను ఉంచుతారో లేదో నాకే తెలియదు.

అమ్మకు ఇదంతా చదివి వినిపించకు, నేను కులాసా అని చెప్పు. బావగారికి, పెద్దమ్మకు నా నమస్కారాలు, పిల్లలకు ముద్దులు. మీరంతా నన్ను దీవించండి, నా పేరు పెట్టి ప్రార్థన చెయ్యండి.

నీ చెల్లెలు,
సునీత