నలభై ఒకటో పేజీ

మా బంగారుతల్లికి,

నాన్న మనసారా దీవించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేనూ, మీ అమ్మా, మీ మేనత్తా అందరం కులాసా. అక్కడ నువ్వూ, అల్లుడుగారూ, పిల్లలూ చల్లగా ఉన్నారని తలుస్తాను.

ఇవాళ నా సంతోషానికి పట్టపగ్గాల్లేవమ్మా. పొద్దున్నించీ మిషను ముందు కూర్చుంటే కాలు తొక్కడం మానేసి నవ్వుతున్నానట. "ఆ నవ్వేదో కాగితం మీద పెట్టి కూతురికి పంపండి, నాకు పని కానివ్వడం లేదు" అని మీ అమ్మ కసిరింది. అందుకని కూర్చున్నాను. నా చదువు నీకు తెలిసిందే, ఐదో తరగతి. తప్పులుంటే సర్దుకుని చదువుకో.

ముందు నువ్వడిగినవి. మోకాలు పరవాలేదు, మెట్లెక్కేటప్పుడే కాస్త మాట వినదు. కళ్ళద్దాలు మార్చాను, ఇప్పుడు సూదిలో దారం రెండోసారికల్లా దూరుతోంది. నువ్వు పంపిన చెప్పులు అందాయి. వేసుకుని వీధి చివరిదాకా పోయి వచ్చాను. ఎక్కడా నొక్కలేదు, ఎక్కడా జారలేదు, నా కాలికి పోత పోసినట్టున్నాయి. పాదం కొలత అడక్కుండానే ఎలా కొన్నావే? ఆ చెప్పుల సంగతి మళ్ళీ వస్తుంది, గుర్తుపెట్టుకో.

ఇక అసలు సంగతి. మన వంశం వివరాలు రాసిపెట్టమని గళ్ళ పుస్తకం పంపి ఏడు నెలలైంది. మీ అత్తగారి వైపు నాలుగు తరాలు గోడ మీద వరసగా ఉన్నాయనీ, మన వైపు తాతయ్య దగ్గరే ఆగిపోయిందనీ రాశావు. ఎలా మొదలుపెట్టాలో కూడా చంటిపిల్లాడికి చెప్పినట్టు చెప్పావు. ముందు నీ గురించి రాసుకో నాన్నా, తర్వాత అమ్మానాన్నలకి వెళ్ళు, ఇంట్లో అందరికంటే పెద్దవాళ్ళని ముందు అడుగు, ఎవరు ఎప్పుడు చెప్పారో పక్కన రాయి, ఆఫీసుల చుట్టూ తిరిగేముందు ఇంట్లో పాత కాగితాలు ఒక్కటి కూడా వదలకుండా చూడు, తెలియని గడి ఖాళీగా వదిలేయి, రూఢి అయ్యేదాకా పెన్సిలుతోనే రాయి. అన్నీ బాగానే అర్థమయ్యాయి. అయినా మూడు ఉత్తరాల్లో మూడు సాకులు చెప్పి తప్పించుకున్నాను. పోయిన ఉత్తరంలో నువ్వు, "నా వేళ్ళు చూస్తే తాతయ్యే గుర్తొస్తాడు, కుట్టు నాకు రక్తంలో వచ్చింది, అందుకే తాతయ్య వెనక ఎవరున్నారో తెలుసుకోవాలని ఉంది" అన్నావు. అది చదివాక రెండు రోజులు నాకు ముద్ద దిగలేదు. ఎందుకో చెబుతాను, కాస్త ఓపిక పట్టు.

మొదటి గడిలో నా పుట్టినరోజు రాయబోయాను. బడిలో వేసిన తారీకు ఒకటుంది గానీ, అది పంతులుగారు నన్ను ఎగాదిగా చూసి వేసిన అంచనా. అందుకని పెన్సిలుతో "పంతులుగారి అంచనా" అనే రాశాను. తప్పు లేదుగా? తర్వాత పుస్తకం చంకన పెట్టుకుని అక్క ఇంటికి వెళ్ళాను. ఎనభై ఒకటి నిండినా కిటికీ దగ్గర కూర్చుని కాజాలు కుడుతూనే ఉంది.

"ఏంట్రా, పెన్సిలూ పుస్తకం పట్టుకొచ్చావు, పరీక్షుందా?" అంది.

"నీ మేనకోడలు పంపిందక్కా. ఇంట్లో అందరికంటే పెద్దవాళ్ళని ముందు అడగమంది."

"అంటే నేను ముసలిదాన్నని రాసి పంపిందన్నమాట."

"నేనన్లేదు, అదీ అన్లేదు. ముందుగా అన్నదంతే."

"ఊఁ, నేను పోకముందు అని. తెలివైన పిల్లే. అడుగు."

అడిగాను. అమ్మ వాళ్ళమ్మ పొలాల్లో కూలి చేసేదట, నాన్న వాళ్ళ నాన్న గుడారాలు కుట్టేవాడట, నవ్వితే పైపన్ను ఒక్కటే కనబడేదట. "అక్క చెప్పింది, మంగళవారం" అని పక్కన వేసుకుంటూ రాశాను. అప్పుడు గొంతు సవరించుకుని, "మరి నేను పుట్టినప్పటి సంగతి?" అన్నాను.

అక్క సూది ఆపింది. "ఇది నువ్వడుగుతున్నావా, పుస్తకం అడుగుతోందా?"

"నేనే."

"డెబ్బై ఏళ్ళు పట్టిందిరా నీకు నోరు తెరవడానికి! అడిగితే చెప్పు, అడక్కపోతే కదపొద్దు అని నాన్న నాతో ఒట్టు వేయించుకున్నాడు. నువ్వు అడగవు, నేను చావను. ఇద్దరం ఇలా ఉండిపోయాం." అని లేచి ట్రంకుపెట్టె తెరిచింది.

అమ్మలూ, ఇక్కడ ఆగి నీకొక నిజం చెప్పాలి. మీ తాతయ్య నన్ను కన్న తండ్రి కాడు. ఆ మాట నాకు పన్నెండో ఏట నించీ తెలుసు. నీ దగ్గరా, మీ అమ్మ దగ్గరా దాచాను.

మన దుకాణంలో కొలతల పుస్తకం పద్ధతి నీకు తెలుసు కదా. ఒక ఇంటివాళ్ళకి ఒక పేజీ. పేజీ నిండితే దానికే ఇంకో కాగితం దారంతో కుట్టేవాడు నాన్న. ఆయనకి పేర్లు గుర్తుండేవి కావు, పేజీ పైన "రొట్టెల కొట్టు వాళ్ళు", "పోస్టు ఆయన ఇల్లు" అనే ఉండేవి. మొదటి పేజీ పైన మాత్రం "మనం" అని ఉండేది. నా పన్నెండో ఏట ఇస్త్రీ దుకాణం ఆయనకీ నాకూ మాటా మాటా పెరిగి, "పోరా, బట్టల మూటతో పాటు వచ్చినోడివి" అన్నాడు. పరుగెత్తుకొచ్చి ఆ పుస్తకం తీశాను. "మనం" కింద నాన్న ఉన్నాడు, అమ్మ ఉంది. అక్క పుట్టిన రోజునే టేపు పెట్టి కొలిచిన పొడుగు కూడా ఉంది. నేను లేను. ఏడాదికోసారి నన్ను నిలబెట్టి కొలిచేవాడు కదా, ఆ కొలత ఒక్కటీ అక్కడ లేదు. మన పద్ధతి నాకు కంఠతా వచ్చు. మన పేజీలో లేనివాడు మన ఇంటివాడు కాడు. ఇంకో పేజీ తిప్పాలని తట్టనే లేదు. పుస్తకం మూసి పెట్టి, మళ్ళీ దాని జోలికి పోలేదు.

అదమ్మా నా సాకుల వెనక సంగతి. ఆ గళ్ళు నింపితే నీ తాతయ్యని నీ దగ్గర్నించి లాక్కున్నట్టవుతుందని భయం.

అక్క ఆ పుస్తకాన్నే నా ఒళ్ళో పెట్టింది. "మొదటి పేజీ చూశాను లే" అన్నాను. "తెలుసు. పక్కవాటిని ఎప్పుడైనా చూశావా?" అంది. ఒక్క కాగితం కూడా వదలొద్దని నువ్వు చెప్పావుగా. వరసగా తిప్పాను. నలభై ఒకటో పేజీ పైన "గుండీల ఫ్యాక్టరీ ఆవిడ" అని ఉంది. కింద రెండు వరసలు. "ఆవిడ, పనికోటు." "బాబు, వయసు మూడు, చొక్కా, ఛాతీ ఇరవై ఒకటి." ఒకే రోజు, ఒకే పేజీ. ఆ తర్వాత ఏడాదికోసారి అవే రెండు వరసలు. ఆవిడ కొలత మారలేదు. బాబు కొలత పెరుగుతూ పోయింది.

నీకు చిన్నప్పుడు కథల్లో చెప్పేవాణ్ణి చూడు, గుండీల పిన్ని అని? ఏటా పనికోటు కుట్టించుకోవడానికి వచ్చి, నాకు డబ్బాడు రంగురంగుల గుండీలు ఇచ్చేది. నన్ను కొలిచేటప్పుడు టేపు మొదలు తనే నా భుజం మీద పట్టుకునేది. కొలత అయిపోయినా ఓ పట్టాన వదిలేది కాదు. "వదలమ్మా, పిల్లాడు నలుగుతాడు" అని నాన్న నవ్వేవాడు.

ఆవిడే మా అమ్మ!

అక్క చెప్పింది, మంగళవారం. భర్త పోయాక ఫ్యాక్టరీలో పని దొరికింది గానీ, అక్కడి బసలో పిల్లల్ని ఉండనిచ్చేవారు కాదట. చొక్కా కుట్టించడానికి వచ్చి, గది దొరికేదాకా చూడమని నన్ను మీ నాయనమ్మ ఒళ్ళో పెట్టి వెళ్ళిందట. ఏడాదికి గది దొరికి తీసుకెళ్ళడానికి వస్తే, నేను మీ నాయనమ్మ మెడ పట్టుకుని వదలక గుక్కపెట్టి ఏడ్చానట. "వీడికి ఒక అమ్మ కుదిరింది. ఇంకో అమ్మ ఉందని తెలిస్తే నలిగిపోతాడు. నన్ను పిన్ని అననివ్వండి చాలు" అందట. మరి నన్ను "మనం" లోకి ఎందుకు మార్చలేదని అడిగాను. "తల్లి పేజీలోంచి బిడ్డని తీసే హక్కు నా కత్తెరకి లేదు అనేవాడురా నాన్న" అంది అక్క.

నన్ను పారేసిపోయారనుకుంటూ బతికానమ్మా ఇన్నాళ్ళూ. మా అమ్మని పదకొండుసార్లు చూశాను! ఆవిడిచ్చిన గుండీలు లెక్కపెట్టుకుంటూ ఆవిడ కాళ్ళ దగ్గరే కూర్చున్నాను!

ఇంకొక్కటుంది. ఇది అక్కకి కూడా చెప్పలేదు. నాకు పద్నాలుగేళ్ళప్పుడు పిన్ని వస్తే, కొలతకి రానన్నాను. ఏ పేజీలోనూ లేనివాడికి కొలతలెందుకని లోపల రోషం. తెర వెనక మిషను దగ్గర కూర్చుని, ఎంత పిలిచినా కదల్లేదు. పిన్ని చాలాసేపు కూర్చుని, డబ్బా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు. చలికాలంలో జబ్బు చేసి పోయిందట. గుండీలు కొనడానికని నాన్నా అక్కా ఊరెళ్ళారు ఒకసారి, అది ఆవిడని సాగనంపడానికని మొన్ననే తెలిసింది.

ఆ ఏడు వరస ఏముంటుందోనని వేలు పెట్టి వెతికాను. నాన్న రాత అలాగే ఉంది. "బాబు రాలేదు. ఆవిడ తెర సందులోంచి చూసి చెప్పిన కొలత. ఛాతీ ముప్పై. చెయ్యి ఇరవై రెండు." ఆ చొక్కా నాకు బాగా గుర్తు తల్లీ. నా జన్మలో అంత బాగా కుదిరిన చొక్కా ఇంకోటి లేదు. యాభై ఐదేళ్ళు కత్తెర పట్టినవాణ్ణి, టేపు లేకుండా అలా చెప్పడం నా తరం కాదు. ఆవిడకి నా మీద కోపం లేదని ఆ వరస చూశాక తెలిసింది. కోపంగా ఉన్నవాళ్ళు అంత సరిగ్గా చూడరు.

ఆ తర్వాత మొదటి పేజీకి వెళ్ళాను. "మనం" కింద చిట్టచివరి వరస, "బాబు. ఛాతీ ముప్పై ఒకటి." ఆ చలికాలం వెళ్ళాక నాన్న నన్ను ఊరికే పిలిచి కొలిచాడు. "కొత్త చొక్కా ఉందిగా నాన్నా" అన్నాను. "ఉండనీరా, రాసుకోవాలి" అన్నాడు. ఇదా ఆయన రాసుకున్నది!

ఇంటికొచ్చి మీ అమ్మకి చెప్పాను. "మీరు మా అత్తగారి కడుపున పుట్టలేదని పెళ్ళయిన వారానికే ఆవిడ చెప్పింది. మీరెప్పుడు చెబుతారా అని నలభై ఏడేళ్ళు చూశాను. గుండీల పిన్ని సంగతి మాత్రం నాకూ కొత్తే" అని, లేచి వెళ్ళి ఆ పాత గుండీల డబ్బా తెచ్చి నా ముందు పెట్టింది. దానిలో చెయ్యి పెట్టి గుండీలు మళ్ళీ మొదటినించీ లెక్కపెట్టాను.

నీ పుస్తకంలో అమ్మకి ఒకటే గడి ఉంది. పక్కన స్కేలుతో ఇంకోటి గీశాను. రెండూ పెన్నుతోనే నింపాను. కోప్పడకు, రూఢి అయింది. తాతయ్య ఎక్కడికీ పోలేదమ్మా. నిన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని వేళ్ళు పట్టి కుట్టు నేర్పింది ఆయనే, ఆ వేళ్ళు ఆయనవే. మరి నన్ను చూసి రెండేళ్ళయినా, పాదం కొలవకుండా చెప్పులు కొని పంపావు చూడు, ఆ కన్ను మాత్రం ఆవిడది.

నలభై ఒకటో పేజీ అడుగున నాలుగు వరసలకి చోటుంది. వీలు చూసుకుని పిల్లల్ని తీసుకునిరా. టేపు మొదలు నీ భుజం మీద నేను పట్టుకుంటాను. కొలత అయ్యాక వెంటనే వదలకపోతే ఏమీ అనకు.

ఇట్లు,
ఇద్దరమ్మల కొడుకు,
మీ నాన్న