కొట్టు గోడ మీది కుందేలు

ముసునూరు,
12-1-1962.

ప్రియమైన మా ఇంటాయనకి,

మీ లేయా ప్రేమతో రాసుకుంటున్న ఉత్తరం. ప్రభువు దయవల్ల ఇక్కడ అత్తయ్య, ఎస్తేరు, నేను ముగ్గురం కులాసాగానే ఉన్నాం. మీరు కూడా వేళకి ఇంత తిని, మద్రాసులో ఒంట్లో బాగానే ఉన్నారని తలుస్తాను. కొత్త సంవత్సరం రోజున మీరు రాసిన ఉత్తరం అందింది. జవాబు ఆలస్యమైనందుకు కోపగించుకోకండి. పని తెమలక కాదు. కాగితం ముందేసుకుని కూర్చోవడం, ఏదో గుర్తొచ్చినట్టు లేచి వెళ్ళిపోవడం, ఇలాగే రోజులు గడిచాయి.

మీరు అడిగినవాటికి ముందు జవాబు చెప్తాను. అత్తయ్యకి దగ్గు తగ్గింది. మందు తాగమంటే పక్కకి తిరిగి పడుకుంటుంది. "మీ అబ్బాయికి రాసేస్తానుండండి" అంటే మాత్రం లేచి ఒక్క గుక్కలో మింగేస్తుంది. ఎస్తేరుకి మీరు పంపిన రంగు పెన్సిళ్ళు చేరాయి. దాని ఆనందం ఇంతా అంతా కాదు. మీలాగే చిలకని వేస్తానని కూర్చుని, దానికి నోటినిండా పళ్ళు పెట్టింది. చిలకకి పళ్ళేంటే అని అడిగితే, "మరి మామిడికాయ ఎలా కొరుకుద్దమ్మా?" అంది. దానికి ఎదురు చెప్పడం మీ వల్లే కాలేదు, నా వల్ల ఏమవుతుంది?

మామిడి పూత ఈ ఏడు బాగా వచ్చింది. రెడ్డిగూడెం వైపు తోటలైతే ఆకు కనబడడం లేదట. మంచు మరీ ఎక్కువై పురుగు పట్టకపోతే కాయకి లోటుండదని అందరూ అంటున్నారు. మొన్న శేషగిరిరావుగారు తోట చూసుకుని వెళ్తూ మన గుమ్మం ముందు బండి ఆపారు. "ఏమ్మా, కాయ దిగే వేళకి బుట్టల మీద గుర్తులెయ్యడానికి సువర్ణరాజు వస్తాడా, రాడా? రాకపోతే చెప్పెయ్యండి. శివకాశి నుంచి అచ్చు కాగితాలు తెప్పించుకుంటాను. బుట్టకి అంటించేస్తే సరి" అన్నారు. నాకు ఒళ్ళు మండింది.

"కలకత్తాలో బుట్టలు దించే కూలీలకి మీ పేరు చదవడం వచ్చా అండీ? చిలకని చూసేగా మీ సరుకని పట్టుకుంటారు. ఎర్రచుక్క చూసేగా లోపల రసాలున్నాయని తెలుసుకుంటారు. కాగితం నాలుగు చినుకులకే ఊడి కింద పడుద్ది" అన్నాను.

ఆయన నవ్వి, "మీ ఆయన కూడా నాకింత గట్టిగా చెప్పలేదమ్మా" అని బండెక్కారు. మీ పనిని వెనకేసుకొచ్చానని మీరు మురిసిపోకండి. ఆ మాటలంటూనే నేను తల వంచుకున్నాను. ఎందుకో కింద రాస్తాను. రాయక తప్పదు.

సినిమా బోర్డుల కంపెనీలో పెద్ద ఆర్టిస్టుగారు మీరు కాగితాల మీద గీసుకున్న బుట్ట గుర్తులు చూసి, ఫిబ్రవరిలో పెట్టబోయే బొమ్మల ప్రదర్శనకి మీ సొంత బొమ్మ ఒకటి ఇవ్వమన్నారని రాశారు. ఆ ముక్క అత్తయ్యకి రెండుసార్లు చదివి వినిపించాను. "ఇన్నాళ్ళూ ఎవరో గీసిన మొహాలకి రంగు నింపాను లేయా, ఇదొక్కటీ నాది అవుతుంది" అని రాశారు చూడండి, అక్కడికొచ్చేసరికి రెండుసార్లూ కాగితం కింద పెట్టేశాను. మీరు బుట్టలకి రంగులేసే మన కొట్టు గోడనే బొమ్మగా వేస్తానన్నారు. నూజివీడు ప్రభాకరరావుగారిని పిలిపించి దానికి మంచి ఫోటో తీయించి పంపమన్నారు. ఆయనకి మీరు విడిగా కార్డు కూడా రాశారట. నాకు తెలియదు.

సోమవారం పొద్దున్నే ఆయన కెమేరా, ముక్కాలి స్టాండూ సైకిలుకి కట్టుకుని వచ్చేశారు. వద్దనలేక, తాళం తీసుకుని వెంట నడిచాను. కొట్టు తలుపు తీశాక ఆయన లోపలికి వెళ్ళి అటూ ఇటూ చూశారు. మళ్ళీ బయటికొచ్చి, "గోడ ఏదమ్మా?" అన్నారు.

"అదేనండీ."

"ఏంటమ్మా ఇది? తెల్లగోడకి ఫోటో తియ్యడానికా అంత దూరం నుంచి కార్డు రాశాడు?"

నేను వెళ్ళి మంచినీళ్ళు తెచ్చాను. పాపం, పెద్దమనిషి, ఇంకేమీ అడగలేదు. ఆ నీళ్ళు తాగి, స్టాండు మళ్ళీ సైకిలుకి కట్టుకుని వెళ్ళిపోయారు.

అవునండీ. గోడకి సున్నం కొట్టేశాను. నేనే కొట్టాను, నా చేత్తోనే కొట్టాను.

ఏటా క్రిస్మస్‌కి ఇల్లంతా సున్నం కొట్టుకున్నా, కొట్టు గోడ జోలికి మాత్రం రానిచ్చేవారు కాదు మీరు. బ్రష్షు తుడిచిన మరకలు, సరిచూసుకున్న చిలకలు, శ్రీరాములుగారి మార్కు గంటలు, చింతలపూడి షావుకారు మార్కు చేపలు, ఒకదాని మీద ఒకటి ఏళ్ళ తరబడి. నాకు అది చూస్తే కళ్ళు తిరిగేవి. మీరు మాత్రం పని లేనప్పుడు కూడా దానికేసి చూస్తూ కూర్చునేవారు. ఈ ఏడు కూడా ఇంటికే కొట్టాను. కొట్టు తలుపు తీయలేదు. మీ మాట మీద ఉన్నాను.

పండగకి వస్తానని రాశారు కదా. ముందురోజు సాయంత్రం ఎస్తేరుకి కొత్త గౌను తొడిగి బస్సు దగ్గరికి తీసుకెళ్ళాను. బెజవాడ బస్సు వచ్చింది, దిగేవాళ్ళు దిగారు. ఆఖరి బస్సు కూడా చూశాం. ఎస్తేరు దారంతా ఏడుస్తూ నా భుజం మీదే నిద్రపోయింది. సంక్రాంతి సినిమాల బోర్డులు తెమలక కంపెనీవాళ్ళు వదల్లేదని తర్వాత మీ ఉత్తరం చూశాక తెలిసింది. అప్పుడు తెలియదు కదా. పండగ మర్నాడు మిగిలిన సున్నం బకెట్టు పట్టుకుని కొట్టుకి వెళ్ళాను. ఆయనకి మేం అక్కర్లేనప్పుడు ఆయన గోడ మాత్రం నాకెందుకు అనుకున్నాను. మొదటి పూతకి రంగులు ఇంకా కనబడుతుంటే, ఇంకో పూత వేశాను. కొత్త సంవత్సరం ప్రార్థన అక్కడ పెట్టుకుందామని కొట్టు శుభ్రం చేశానని అందరికీ చెప్పాను. పాస్టరుగారు ఎంత తెల్లగా ఉందో అని మెచ్చుకున్నారు కూడా. అది అబద్ధం. కోపంతో చేశాను.

ఆ తర్వాత వచ్చింది మీ ఉత్తరం.

"గోడ కిందివైపు, నేను కూర్చునే చోట నువ్వు కుందేలు అంటావే, అది ఏ షావుకారి మార్కూ కాదు లేయా. నువ్వు గుడ్డలో కట్టి తెచ్చే అన్నం గిన్నె. పైన ముడి కొసలే ఆ చెవులు. నువ్వు తెచ్చిన ప్రతిరోజూ ఒకటి వేసుకునేవాణ్ణి. బొమ్మ నిండా వాటినే వేస్తాను" అని రాశారు.

ఎన్నిసార్లు అడిగానండీ, ఈ కుందేలు ఎవరిదని? నవ్వి ఊరుకునేవారు. ఒక్కసారి చెప్తే మీ సొమ్మేం పోయేది? ఇప్పుడు ఇలా మిమ్మల్ని అనడం కూడా తప్పే. గిన్నె మోసిందాన్ని నేను, కట్టిందాన్ని నేను. ఆ ముడి నా చేత్తో వేసిందే. ఎదురుగా కూర్చుని మీరు తింటుంటే అన్నేళ్ళు ఆ గోడ చూశాను. పోల్చుకోలేకపోయాను.

కొబ్బరి పీచు, నీళ్ళు పెట్టి రుద్ది చూశాను. సున్నంతోపాటు కింది రంగు కూడా ఊడి వచ్చేస్తోంది. గుప్పెడంత చోట ఎర్రమరక ఒకటి మిగిలింది. అది చిలక ముక్కో, రసాల చుక్కో తెలియలేదు. భయపడి ఆపేశాను. చేతులు సున్నానికి పొక్కాయి. అది మీకు చెప్పుకోవాల్సిన బాధ కాదు.

మీరు ఏమన్నా పడతాను. ఉత్తరం రాయకుండా మాత్రం ఉండకండి. తిట్టడానికైనా ఒకసారి వచ్చి వెళ్ళండి.

బొమ్మ గీయడం నాకు చేతకాదని మీకు తెలుసు. అయినా మీరు వదిలి వెళ్ళిన కావిరంగు తడిపి, పుల్లతో ఒకటి వేశాను, నా సంతకం కింద. మీ గోడ మీదిదానిలా లేదు. ఒక చెవి పొడుగైపోయింది. ఎస్తేరు చూసి, "కుందేలు భలే ఉందమ్మా" అంది. కాదే, నాన్నగారి అన్నం గిన్నె అని చెప్పాను. నమ్మడం లేదు. మీరు పోల్చుకుంటారు.

ఇట్లు,
మీకు అన్నం తెచ్చే మనిషి,
లేయా