తుడిచేసిన పదకొండు నెలలు

తాయిచుంగ్

వినియోగదారుల ఫిర్యాదుల అధికారి గారికి,

మా యజమాని త్సెంగ్ గారు మోసగాడని పోయిన వారం రాసింది నేనే. ఆ ఫిర్యాదు కొట్టేయండి.

కంప్యూటర్ ప్రాసెసర్ల వేడిని బయటికి లాగడానికి పూసే థర్మల్ పేస్ట్ పాతబడేకొద్దీ వేడి ఎంత పెరుగుతుందో పరీక్ష గదిలో ఎనిమిది ప్రాసెసర్ల మీద మేం కొలుస్తున్నాం. పదకొండు నెలల్లో పదిహేను డిగ్రీలు పెరిగింది. కొత్త సంవత్సరం పండగ ముందు ఒక్క రోజులో మొత్తం దిగిపోయింది. పేస్ట్ కంపెనీకి అమ్ముడుపోయి ఆయనే కొత్తది పూయించాడనుకున్నాను. అన్యాయాన్ని చూసి ఊరుకోవద్దని మీ కరపత్రాల్లో చదివినవాణ్ని, ఆగలేకపోయాను.

ఈ ఉదయం గది ఊడ్చే పావ్‌చూ అత్త నవ్వుతూ అంది: "పండక్కి ఇల్లంతా దులుపుతాం, ఆ ఎండిపోయిన మురికి మాత్రం ఎందుకురా? ఆ ఎనిమిది ప్రాసెసర్లకీ తుడిచి కొత్తది పూశా. ముప్పై ఏళ్లు ఫ్యాక్టరీలో కంప్యూటర్ బోర్డులు బిగించిన చెయ్యి నాది. ఒక్క మాటన్నా మెచ్చుకున్నావా?"

పరుగున వెళ్లి త్సెంగ్ గారికి చెప్పాను.

"తెలుసులే. పేస్ట్ నేనే మార్చానని రాసి, సంతకం పెట్టి పేస్ట్ కంపెనీకి పంపేశా. నిజం చెబితే కంపెనీవాళ్లు ఆమెను తీసేయమంటారు. అరవై ఎనిమిదేళ్ల మనిషికి ఇంకెవడిస్తాడు పని? నోరు మూసుకుని కూర్చో," అన్నారు.

అయ్యా, ఆయన సంతకం అబద్ధం. అత్త పేరు మీ దగ్గరే ఉంచండి. తప్పు ఎవరిదని రాయాల్సొస్తే నాది రాసుకోండి. పరీక్ష గదికి రోజూ తాళం వెయ్యాల్సింది నేను. ఆ రోజు వెయ్యలేదు.

ఇట్లు,
మీకు తొందరపడి రాసినవాడు