సీట్లు లేవన్న ఏడాది

జూన్ 9
రాజ్యలక్ష్మి వచ్చి వెళ్ళింది. పాత విద్యార్థినుల సంఘం సంచిక వేస్తుందట, ఎడిటరు తనేనట. మన ఆడపిల్లల కాలేజీ చరిత్ర నేనే రాయాలట. "హిస్టరీ చెప్పింది మీరు మేడం, చివరిదాకా ఉన్నదీ మీరే." చివరిదాకా... నిజమే. సరేనన్నాను. అంత తొందరగా ఎందుకన్నానో.

జూన్ 13
మొదటి పేజీలు హాయిగా సాగుతున్నాయి. బియ్యం వర్తకుడి భార్య తన మేడ రాసిచ్చేయడం. జట్కా చుట్టూ దుప్పటి కట్టుకుని వచ్చిన తొలి బ్యాచ్ పిల్లలు. మేడ మీద వీణ గది — కింద తర్కశాస్త్రం క్లాసు, పైనుంచి అపస్వరాలు, మేష్టారి విసుగు. లైబ్రరీలో కుర్చీలు చాలక నేలమీదే చదువులు.
ఇప్పుడు ఆ మేడలో ఎన్నికల సామాన్లు పెట్టి తాళం వేశారు.

జూన్ 17
ఒక్క వాక్యం లేదు.

జూన్ 18
చివరి ఏడాది దగ్గర ఆగిపోయాను. మినిట్స్ పుస్తకంలో ఉంది — "విద్యార్థినులు చేరనందున కళాశాలను మూసివేయడమైనది." గుండ్రటి అక్షరాలు. నావే.
చేరకపోవడం అబద్ధం. వచ్చారు. ఆ జూన్‌లో అడ్మిషన్ల బల్ల దగ్గర కూర్చున్నది నేను. "సీట్లు నిండిపోయాయమ్మా" అని తిప్పి పంపింది నేను. నా వెనక క్లాసురూము ఖాళీగా ఉంది. కాలేజీ కమిటీ సెక్రటరీ గారు ముందే పిలిచి చెప్పారు — ఆ స్థలం వేరే పనికి కావాలి, పిల్లలు రావడం లేదని కాగితం మీద కనపడాలి. "మీ ఉద్యోగానికేం ఢోకా లేదు. మగపిల్లల కాలేజీలో సర్దుతాం." సర్దారు. రిటైరయ్యేదాకా అక్కడే చరిత్ర చెప్పాను.
ఈ మాట ఎవరితోనూ అనలేదు. కాగితంతో కూడా ఇదే మొదటిసారి.

జూన్ 22
రామతీర్థం దారిలో పైడమ్మ ఇల్లు. మా కాలేజీ ఆయా. ఇప్పుడు కొడుకు దగ్గర ఉంటోంది. చూపు తగ్గింది, గొంతు పట్టి పోల్చుకుంది. పాత సంగతులు అడిగి రాసుకుందామని వెళ్ళాను. చెప్పింది, నవ్వింది, తాటి ముంజెలు తినమని పోరింది.
లేవబోతూ అడిగాను — ఆ ఏడు నీ చెల్లెలి కూతుర్ని తెచ్చావు కదా, ఏం చేస్తోంది?
"అప్పలనరసా? కోటబొమ్మాళిలో మిషను కుడతాది. సదువు అక్కడితో ఆగిపోనాది కదమ్మా. మగపిల్లల్లోకి పంపనన్నాడు దాని బాబు."
సీట్లు లేక... అన్నాను. ఇంకా అదే మాట!
"నానే కదమ్మా రోజూ ఆ గది ఊడ్సినాను."
తెలిసి ఎందుకు ఊరుకున్నావంటే —
"మీరు సెప్పనేదు. నానెలా సెప్తాను? మీ నౌకరీ పోతాదనుకున్నాను. నాదీ పోతాది."
చేతిలో ముంజె పెట్టింది. తినలేకపోయాను.

జూన్ 23
పడుకున్నాను, లేచాను. అంతే.

జూన్ 27
కోటబొమ్మాళి వెళ్ళివచ్చాను. స్టేషను దగ్గర చిన్న కొట్టు. మెడలో టేపు, నుదుటి మీద తెల్ల వెంట్రుకలు. నన్ను గుర్తుపట్టి స్టూలు తుడిచి వేసింది. "కూకోండి మేడం."
దారి పొడవునా కూర్చుకున్న మాటలేవీ రాలేదు. సీట్లున్నాయి అప్పలనరసా, నేనే అబద్ధం చెప్పాను — అంతే అనగలిగాను.
మిషను ఆపింది. సూది కింది గుడ్డ తీసి మడిచింది. తిడితే బాగుండును.
"నాకు మార్కులు తక్కువనీసి సీటు ఇవ్వనేదనుకున్నాడు మా అయ్య. పోయేదాకా అదే మాట. 'నువ్వు సరిగ్గా సదవనేదే' అని. నానూ అలాగే అనుకున్నాను మేడం."
ఇది నాకు తోచనే లేదు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా.
క్షమించమన్నాను. కాలేజీ పుస్తకం సంగతి పైడమ్మ చెప్పిందట. "పుస్తకంలో ఇది రాస్తారేటి?"
రాస్తానన్నాను.
"నా పేరు రాయొద్దు. మీ పేరు రాయండి."
ఎవరో జాకెట్టు కోసం వచ్చారు. నేను లేచాను.

జూన్ 29
రాశాను. ఒక పేరా. నా పేరు, నేనన్న మాట, ఖాళీ గది. నాలుగుసార్లు రాస్తే మూడుసార్లు సెక్రటరీ గారి మీదికే పోయింది కలం. ఆ మూడూ కొట్టేసి, నాలుగోది రాజ్యలక్ష్మికి పంపాను.

జూలై 2
రాజ్యలక్ష్మి ఫోను. "మేడం, ఇది సంబరం పుస్తకం. ఆవిష్కరణ సభకు పెద్దలొస్తారు. మీ పేరు మీరే పాడు చేసుకుంటారా? ఆ పేరా తీసేస్తున్నాను, మీ మంచికే."
"నీ ఇష్టం" అన్నాను.
ఎంత సులువుగా వచ్చిందో ఆ మాట! ఫోను పెట్టేసి అలాగే కూర్చున్నాను. తీయొద్దంటే ఇప్పుడు పోయే ఉద్యోగం కూడా లేదు.

జూలై 5
అప్పలనరస ఫోను చేసింది. నంబరు పైడమ్మ ఇచ్చిందట. ఆదివారం సభకు వస్తానంది. "పుస్తకం మా అబ్బాయి సేతా సదివిస్తాను. వాడికి అంతా సెప్పినాను." రమ్మన్నాను. పేరా తీసేశారని చెప్పలేదు.

జూలై 6
పొద్దున్నే ప్రూఫు వచ్చింది. ఆ పేరా లేదు. దాని చోట వీణ గది ఫోటో. సంతకం పెట్టి సాయంత్రంలోగా పంపమని రాజ్యలక్ష్మి చీటీ.
ఐదు దాటింది. పెట్టలేదు. పెట్టనని ఫోనూ చేయలేదు.