పొయ్యి వెనక గోడ

అమ్మా,

జిరోకాస్తర్‌లో ద్రాచి వారి రాతి ఇల్లు కొలవడం అయిపోయింది. పటాలు గీయడానికి తిరానాలో మా ఆఫీసుకి వచ్చేశాను. ఈ సంగతి నీకు తప్ప ఎవరికీ చెప్పలేను.

చలికాలపు గదిలో లోపలి కొలతా బయటి కొలతా కలవలేదు. పొయ్యి వెనక ఒక మనిషి పడుకునేంత చోటు ఎటో పోయింది. నాతో పనిచేసే సోతిర్ గోడ మీద తట్టాడు. డొల్లగా మోగింది. ఆ ఇంట్లో ఒంటరిగా ఉండే ముసలావిడ నూరియే గుమ్మంలోంచి అంది: "అక్కడ తట్టకు నాయనా. ఆయన పడుకున్నాడు."

సోతిర్ బయటికి వెళ్ళాక నాకు చెప్పింది. పాత ప్రభుత్వంలో ఆమె భర్త ఇజెత్ కాఫీ కొట్లో ప్రభుత్వం మీద నోరు జారాడట. పోలీసులొస్తే సరిహద్దు దాటి గ్రీసు పారిపోయాడని చెప్పి, అతన్ని ఆ గోడ వెనక దాచింది. అలమర వెనక కంతలోంచి అన్నం పెట్టేది. అతను దగ్గితే బయటికి వినపడకుండా రాగిగిన్నెలు తోమేది. ఒక చలికాలం గిన్నె తిరిగి రాలేదు. శవాన్ని బయటికి తెస్తే తననీ పట్టుకుపోతారు. తన చేతులతోనే సున్నం కలిపి కంత మూసేసింది.

"ఇప్పుడా ప్రభుత్వం లేదు కదా అత్తా," అన్నాను.

"మొగుణ్ణి గోడలో పెట్టిన పెళ్ళాన్నని ఎవరితో చెప్పుకోను? గోడ లావని రాసుకో తల్లీ. లావు గోడలకి మా ఊళ్ళో కరువా?"

అలాగే గీశాను. నాన్నను ఖైదీల శిబిరానికి పట్టుకుపోయారు, తిరిగి రాలేదు; ఎక్కడ ఎముకల కోసం తవ్వుతున్నారని తెలిసినా నువ్వు పరుగెడుతున్నావు. కనీసం ఆమె భర్తనైనా ఇంట్లో ఉండనిద్దామనుకున్నాను. కానీ ఆ గీత గీసినప్పటినుంచి నాకు దగ్గు వినిపిస్తోందమ్మా.

నీ లిందిత

చిట్టితల్లీ,

ఇది నూరియే ఇంట్లో కూర్చుని రాస్తున్నాను. నీ ఉత్తరం అందగానే బస్సెక్కాను.

"నీ కూతురు నోట్లో నువ్వుగింజ నానదన్నమాట," అంది, నేనెవరో చెప్పగానే తలుపు తీస్తూ.

"అమ్మతో చెప్పుకుంటే తప్పేముందిలే," అన్నాను.

ఆమె కాఫీ కాస్తుంటే అడిగాను: "మా ఆయన్ని పూడ్చినచోట కూడా ఎవడో జాలిపడి పటంలో ఉట్టి నేల అని గీసి ఉంటాడు. నేనింకా వెతుకుతున్నాను. ఇజెత్‌కి అక్కాచెల్లెళ్ళు లేరా?"

"చెల్లెలుంది. గ్రీసునుంచి వస్తాడని ఇప్పటికీ ఎదురుచూస్తోంది," అని తలదించుకుంది.

అప్పుడే పొయ్యి వెనకనుంచి దగ్గు వినిపించింది. పొగగొట్టంలో గాలి అని నువ్వంటావు. అనుకో.

"విన్నావా?" అంది నా చెయ్యి పట్టుకుని.

"విన్నాను."

"అయితే నాకు పిచ్చి లేదు." చాలాసేపు ఏడ్చింది. తర్వాత అంది: "ఉన్నదున్నట్టు గీయమను. పేరు కూడా రాయమను. ఆయనకి మట్టి కావాలి."

పటం దిద్ది తీసుకురా. గోడ తెరిచే రోజు నువ్వుండాలి. ఆడవాళ్ళు పాడె మోయకూడదంటారు, అననీ. ఆమె, ఆడబిడ్డ, నేను, నువ్వు. నలుగురం సరిపోతాం.

మీ అమ్మ,
సబ్రియే