ఓపీ కిటికీలో కొత్త తెర

జూన్ 3, సోమవారం
పొద్దున ఆసుపత్రి ఓపీ కిటికీలో కూర్చుని కంప్యూటర్ పెట్టగానే... తెర నాది కాదు.
పదకొండేళ్లుగా నల్లటి తెర, దాని మీద తెల్లటి అక్షరాలు. ఒక్క ఆదివారంలో తీసేశారు. ఇప్పుడంతా తెలుపే. అక్షరాలు బూడిద రంగులో, నీళ్లలో నానిన కాగితం మీద రాసినట్టు.
పాతదాంట్లో మౌస్ ముట్టుకునే పనే లేదు. పేరు, ట్యాబ్, వయసు, ట్యాబ్, ఊరు, ఎంటర్. ఎఫ్ తొమ్మిది నొక్కితే చీటీ బయటికి. మనిషి వైపు తిరిగి "ఏమైతాంది?" అని అడుగుతుంటే వేళ్ల పని వేళ్లు చేసుకునేవి.
ఈరోజు మొదటి చీటీకి పావుగంట పట్టింది.

జూన్ 4, మంగళవారం
ఒక్క చీటీకి ఏడు చోట్ల నొక్కాలి. ఊరి పేరు టైపు చేయనివ్వదు. జిల్లా ఎంచుకో, మండలం ఎంచుకో, అప్పుడు ఊరు. మౌస్ కాస్త జారితే మళ్లీ మొదటికి.
వరస గేటు దాటి నారాయణపేట రోడ్డు మీదికి పోయింది.
"సర్వర్ నడుస్తలేదా ఏంది?"
"సర్వర్ కాదే, గామెనే నడుస్తలేదు."
నవ్వులు. విననట్టు తల వంచుకున్నాను.

జూన్ 6, గురువారం
ఈ పేజీకి తప్ప ఎవరికీ చెప్పని మాట.
రెండేళ్ల కింద పాలమూరు కంటి డాక్టరు చెప్పాడు. కంటి వెనక పొర పాడవుతోందట. చూపు పక్కల నుంచి మూసుకుంటూ వస్తుందట. మందు లేదట. ఇప్పుడు చేతి గాజులోంచి చూసినట్టు ఉంది లోకం. ఆ గాజు కూడా చిన్నదవుతోంది. మా ఆయన ప్రభుదాసు మాత్రం నేను అద్దాల కోసం పోయి వచ్చాననే అనుకుంటున్నాడు.
నాది కాంట్రాక్టు కొలువు. ఏడాదికోసారి కొత్త ఉత్తర్వు రావాలి. చూపు తగ్గిందంటే వస్తుందా?
పాత తెర మీద ఏది ఎక్కడుందో వేళ్లకు తెలుసు. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. "సుగుణమ్మ తెర దిక్కు సూడకుంటనే కొడ్తది" అని మెచ్చుకునేవాళ్లు. చూడక కాదు, కనబడక...

జూన్ 10, సోమవారం
మేకలు కాసే లక్ష్మమ్మ అవ్వ వచ్చింది. ప్రతినెలా బీపీ గోలీలకు వస్తుంది. గొంతు వినగానే గుర్తుపడతాను. ఎప్పుడూ మేకల సంగతి ఒకటి చెప్పి గానీ కదలదు.
ఈరోజు కిటికీ ముందు చాలాసేపు నిలబెట్టాను. చివరికి అంది: "నువ్వు నా మొఖం సూస్తలేవు బిడ్డా. గా డబ్బనే సూస్తున్నవ్."
చీటీ ఇచ్చేసరికి మేకల సంగతి చెప్పకుండానే వెళ్లిపోయింది.

జూన్ 11, మంగళవారం
సాఫ్ట్‌వేర్ వాళ్ల నంబరుకు ఫోన్ చేశాను.
"పాత తెర మళ్లీ ఇవ్వలేరా?"
"పాతది బంద్ మేడం. కొత్తది చాలా ఈజీ."
"అక్షరాలు పెద్దగా, నల్లగా చేయరాదా?"
"మీ అభిప్రాయం యాప్‌లోనే రాసి పంపండి మేడం. పైన కుడిపక్క చిన్న గుర్తు ఉంటది."
భోజనం వేళంతా వెతికాను. ఆ గుర్తు నాకు దొరకలేదు.

జూన్ 13, గురువారం
ఉపాయం. ఎర్ర బొట్టుబిళ్లలు కొని తెర అంచుల మీద అంటించాను. ఇక్కడ పేరు, ఇక్కడ మండలం, ఇక్కడ ప్రింట్. బిళ్లకు సూటిగా మౌస్ తీసుకెళ్లి నొక్కడమే.
మందుల కిటికీలో ఉండే శీనన్న చూసి "కంప్యూటర్‌కు గూడ పెండ్లి జేసినవా అక్కా?" అన్నాడు. నేనూ నవ్వాను. ఎన్నాళ్లకో.

జూన్ 15, శనివారం
బిళ్లలు పనిచేస్తున్నాయి. పన్నెండింటికే వరస అయిపోయింది.

జూన్ 18, మంగళవారం
రాత్రికి రాత్రి మళ్లీ ఏదో మార్చారు. నిన్న కుడివైపు ఉన్న ప్రింట్ ఈరోజు కింద. మండలం పైకి ఎక్కింది. తెర మీద ఒక బొమ్మ నవ్వుతూ చేయి ఊపుతుందట, కొత్త రూపానికి స్వాగతం అని. వరసలో ముందున్న పిల్ల కిటికీలోంచి తొంగి చదివి వినిపించింది.
బిళ్లలు గీకి పారేశాను. గోళ్ల కింద జిగురు.

జూన్ 20, గురువారం
ఇది రాయాలి.
మొన్న లక్ష్మమ్మ అవ్వ మళ్లీ వచ్చింది. గోలీలు వానకు తడిసి కరిగిపోయాయట. నెలనెలా మందులు తీసుకునేవాళ్లకు డాక్టరు దగ్గరికి పోయే పని లేదు. నా దగ్గర చీటీ తీసుకుని నేరుగా మందుల కిటికీకి పోతారు. శీనన్న తన తెర మీద కనిపించిన గోలీలు ఇస్తాడు.
పాతదాంట్లో పేరు కొడితే వయసు, ఊరు అడిగేది. ఇప్పుడు పాత రోగి పేరు కొట్టగానే ఆ పేరున్న వాళ్లందరి జాబితా పడుతుంది, సన్నటి వరసల్లో. ఒకటి నొక్కాను. పక్క వరస పడింది. వేరే లక్ష్మమ్మ. ఆమెకు చక్కెర జబ్బు.
అవ్వకు చక్కెర గోలీలు పోయాయి. అవ్వకు ఆ జబ్బు లేదు.
ఈరోజు పొద్దున మేకల దగ్గర పడిపోయిందట. ఆటోలో తెచ్చారు. చక్కెర బాగా పడిపోయింది. సెలైన్ పెట్టాక కళ్లు తెరిచింది.
చీటీ తీసి చూశాను. కళ్లకు ఆనించుకుని చూశాను. నా కిటికీ నుంచి పోయినదే.

జూన్ 22, శనివారం
వార్డుకు వెళ్లాను. మూడుసార్లు గుమ్మం దాకా పోయి వెనక్కి వచ్చి, నాలుగోసారి లోపలికి.
నన్ను చూసి లేవబోయింది. "నువ్వొస్తివా బిడ్డా! గిట్ల సిక్కిపోయినవేంది, తిన్నవా?"
"తిన్న అవ్వా."
"మ్యాకలను కోడలు తోలుకపోయింది. ఆమె మాట ఇనయి అవి."
చేయి పట్టుకుంది. సూది గుచ్చిన చేయి, దూది అంటించి ఉంది. చెప్పాలని నోరు తెరిచాను. నర్సు వచ్చింది. లేచి వచ్చేశాను. నర్సు రాకపోయినా చెప్పేదాన్నా?

జూన్ 24, సోమవారం
పెద్ద డాక్టరు సారు పిలిచారు. నన్ను, శీనన్నను.
శీనన్న ముఖం ఎలా ఉందో చూడలేదు. మాట మాత్రం విన్నాను. "తెర మీద ఉన్నయే ఇచ్చిన సార్. రోజుకు గింతమంది... అడగాల్సింది, అడగలే."
సారు కాగితం నా ముందుకు జరిపారు. "ఇద్దరు ఫికర్ చేయకుండ్రి. కొత్త సాఫ్ట్‌వేర్‌ల తప్పు పడ్డదని రాసిన. అందరికీ తెలిసిందే గద. సంతకం పెట్టుండ్రి, ఒడిసిపోతది."
శీనన్న పెట్టాడు.
అబద్ధం కాదు అది. ఆ జాబితా అలా పెట్టినవాడిదే తప్పు. కానీ సగమే. చూపున్నవాళ్లు ఆ వరసను రెండోసారి చూసి ఉండేవాళ్లు. నేను ఒక్కసారి కూడా చూడలేదు. ఊహించి నొక్కాను.
"రేపు పెడ్తా సార్" అన్నాను.

జూన్ 25, మంగళవారం
పెట్టలేదు. రేపన్నాను.

జూన్ 26, బుధవారం
సాయంత్రం జొన్న రొట్టెలు చేస్తూ మా ఆయనకు చెప్పేశాను. పెనం వైపు చూస్తూనే. అంతా. కంటి డాక్టరు, గాజు, అవ్వ.
దగ్గరికి వచ్చి అడిగాడు, "ఎన్ని ఏళ్లు?"
"రెండేండ్లు అయితాంది."
"అది గాదు... ఈ చేతివి."
అడిగింది వేళ్ల లెక్క. నా చెవి పక్కనే చేయి ఎత్తి పట్టుకుని ఉన్నాడట. నాకు చేయే కనబడలేదు.
"రెండేండ్ల సంది నా పక్కనే ఉండి... నాకు గూడ చెప్పకపోతివి" అన్నాడు. రొట్టె మాడింది. అలాగే తిన్నాం.

జూన్ 28, శుక్రవారం
తెల్లకాగితం మీద రాసి ఇచ్చాను. కొత్త తెర చీటీ పనిని ఎలా చెడగొట్టిందో ఒక సగం. నా చూపు సంగతి ఇంకో సగం.
సారు రెండుసార్లు చదివారు. "నిన్ను ఎవరన్న అడిగిన్రా సుగుణమ్మా? గిది పైకి పోతే నీ కొలువు ఉండది. వాపస్ తీస్కో."
"మళ్ల ఇంకెవలన్న పడిపోతరు సార్."
కాగితాన్ని బల్ల మీదే ఉంచి వచ్చాను. గుమ్మం దగ్గర భుజం గోడకు కొట్టుకుంది. సారు లేచి తలుపు పట్టుకున్నారు. ఇక నా నడకను కూడా అందరూ కనిపెట్టి చూస్తారు.

జూలై 1, సోమవారం
నన్ను కిటికీ నుంచి తీసేశారు. వరసలో వాళ్లకు దారి చెప్పే పని ఇచ్చారు. నా కుర్చీలో భాగ్యమ్మను కూర్చోబెట్టారు. నడి వయసు మనిషి, ఓపిక గలది, చూపు బాగుంది.
వరస గేటు దాటే ఉంది. చీటీ చీటీకీ ఆమె నిట్టూర్పు వినిపిస్తోంది.
కొత్త ఉత్తర్వు సంగతి ఎవరూ ఎత్తడం లేదు. నేనూ అడగలేదు.

జూలై 4, గురువారం
లక్ష్మమ్మ అవ్వ చూపించుకోవడానికి వచ్చింది. కర్ర పట్టుకుని నడుస్తోంది. బల్ల మీద పక్కన కూర్చున్నాను. ఈసారి ఎవరూ రాలేదు.
"అవ్వా... ఆ దినం తప్పు చీటీ ఇచ్చింది నేనే. నాకు సరిగ కండ్లు కనపడవు. దాసిపెట్టిన."
ఆమె ఊపిరి వినిపిస్తోంది, వరసలో మాటలు వినిపిస్తున్నాయి. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.
కర్ర నేలకు తగిలిన చప్పుడు. లేచింది. తల తిప్పి వెతికాను — అటు, ఇటు. మందుల కిటికీ వైపు పోయిందో, గేటు వైపు పోయిందో... నాకు కనబడలేదు.